మొగలి ముల్లు

స్పిరిటు స్టవ్వు మీద గిన్నెలో నీళ్ళు ఇంకా మరగలేదు, మరగకపోతే బాగుణ్ణు అనుకుంది ధనమ్మ, ఆ నీలిమంట ఓసారి గాలికి ఆరిపోయినా బాగుణ్ణు, కాంపౌండరు జోగారావు అగ్గిపెట్టె కోసం జేబులు తడుముకునేంత గడువైనా దొరుకుతుంది, అయినా గడువు దొరికి ఏం చేస్తుందని, ఆరేళ్ళ మనవరాలి కాలు ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చున్న ముసల్దానికి గడువెందుకు, ఇవాళ కాకపోతే రేపు కోస్తారు, రేపటికి ఆ వాపు మోకాలు దాటుతుంది. గిన్నెలో ఇనప సామాన్లు ఒకదాన్నొకటి తాకుతున్నాయి. కత్తి, కత్తెర, ఇంకేవో పొడుగాటి పుల్లల్లాంటివి, జోగారావు పట్కారుతో ఒక్కొక్కటీ నీళ్ళలోకి వదుల్తుంటే చూసింది. వరహాలు కూడా చూసింది. వరహాలంటే ధనమ్మ అత్తగారి పేరు, ఆ పాత పేరు పిల్లకి పెట్టనని కోడలు రామలక్ష్మి మొండికేస్తే ఇంట్లో వారం రోజులు ఎవరి మొహం ఎవరూ సరిగ్గా చూసుకోలేదు, చివరికి ధనమ్మ పంతమే నెగ్గింది, ధనమ్మ పంతం నెగ్గని రోజు ఆ ఇంట్లో ఎప్పుడుంది గనక. ఉద్దానంలో వాళ్ళ ఊరి నుంచి తెల్లారకుండా బండి కడితే ఎండెక్కాక పలాస చేరారు, దారంతా పిల్ల మూలుగుతూనే ఉంది, జీడితోటల మధ్య ఇసకలో చక్రం దిగబడినప్పుడల్లా 'నానమ్మా' అంటూ చెయ్యి గట్టిగా పట్టుకుంది, అది ఏ చెయ్యో ఆ పిల్లకి తెలుసు, ధనమ్మకి తెలుసు, ఇంకెవరికీ తెలీదు. కొడుకు పోలారావుకి కూడా తెలీదు. వాడికి చెప్పింది పిల్ల కాలికి మొగలి ముల్లు దిగిందని.

ముల్లూ లేదు, మొగలి పొదా లేదు. ఊడుపుల రోజులు, పిల్ల చేలో బురదంతా తనదే అన్నట్టు తిరిగింది, మడమ దగ్గర చర్మం పగిలి చిన్న బీట పడింది, నడుస్తుంటే మంటగా ఉందంది, అంతే. అంతకంటే పెద్ద బీటలు ఊళ్ళో ప్రతి కాలికీ ఉంటాయి. వానాకాలం వచ్చిందంటే ఆదివారం పొద్దున్నే ధనమ్మ అరుగు మీద కాళ్ళు వరసగా చాపుకుని ఉంటారు, మొహాలు చూడక్కర్లేదు, కాలు చూసి మనిషెవరో చెప్పగలదు. జీడిపిక్కని పట్కారుతో పట్టుకుని దీపం మీద పెడితే తొక్కలోని నూనె బుసబుసా పొంగి నల్లగా కారుతుంది, చీపురుపుల్లతో ఆ బొట్టుని అందుకుని పగుల్లో పెట్టాలి, పక్కలకి జారకుండా ముందే చుట్టూ సున్నంతో గిరి గీయాలి, బొట్టు ఎంత, వేడి ఎంత, పుల్ల ఎప్పుడు ఎత్తాలి, అదంతా చేతికి తెలియాలి గానీ చెప్తే వచ్చేది కాదు. అత్తగారు పోయేముందు నేర్పింది. నీ హస్తవాసి మంచిదే ధనమ్మా అంది, అన్నేళ్ళ కాపరంలో ఆవిడ నోటి నుంచి వచ్చిన మంచిమాట అదొక్కటే, అందుకే కాబోలు ధనమ్మ దాన్ని ఇన్నాళ్ళూ భద్రంగా దాచుకుంది. రాళ్ళలాంటి పాదాలకి జీడి మందే, అందులో అబద్ధం లేదు. ఆరేళ్ళ పిల్ల మడమకి మందు కాదని తెలీదా అంటే తెలుసు, తెలిసే పెట్టింది, ఇంత బొట్టుకి ఏమవుతుందిలే అనుకుంది. గిరి గీసింది, పుల్ల తెచ్చింది, పిల్ల అడిగింది, మంటెడతాదా నానమ్మా అని. 'ఏటీ అవదే, సీమ కుట్టినట్టుంటాది' అంది ధనమ్మ. పిల్ల కాలు లాక్కుంది, బొట్టు గిరి దాటి అరికాలి మెత్తటి చోటుకి జారింది. ఆ కేక ఇంకా చెవిలోనే ఉంది. పొక్కింది, పొక్కు చితికింది, చితికిన చోట బురద చేరింది, నాలుగోనాటికి పాదం పొంగింది, ఏడోనాటికి గజ్జల్లో బిళ్ళ కట్టి ఒళ్ళు కాలిపోయింది.

'నానమ్మా, ఆ గిన్నిలో ఏటి ఉడుకుతన్నాది?' అంది వరహాలు. జోగారావు లోపల్నుంచే అందుకున్నాడు, 'కోడిగుడ్లమ్మా, నీకోసమే, ఉడికాక ఒలిచి పెడతాను' అని, పాపం మంచి మనసుతోనే అన్నాడు, వచ్చిన ప్రతి పిల్లకీ ఇదే మాట చెప్తాడు గాబోలు. పిల్ల నవ్వలేదు. 'గుడ్లయితే టింగుటింగుమనవు' అంది మెల్లిగా, జోగారావుతో కాదు, తనలో తనే. బల్లకి ఆ చివర కూర్చున్న బొడ్డమ్మ మాత్రం పకపకా నవ్వింది. బొడ్డమ్మ వాళ్ళ ఊరావిడే, పలాసలో చెల్లెలింటికొచ్చి దగ్గుమందు కోసం సీసా పట్టుకుని కూర్చుంది, ధనమ్మని చూడగానే 'ఓలప్పా, ఊరందరికీ వైజ్యం సేసేదానివి, నువ్వే ఆసుపత్రికొచ్చినావేటి' అంది, అని ఊరుకోకుండా చీర కొంచెం ఎత్తి మడమలు చూపించింది, చూడు అప్పా, మొన్న ఆదివారం నువ్వు జీడేసిన కాడ ఎలాగ మానిపోయిందో అని. ఆ మడమలు నిజంగానే మానాయి. ధనమ్మ వాటి వైపు చూసి, ఒళ్ళో ఉన్న పాదం వైపు చూసి, రెంటిలో ఏది తన చేతి పనో తేల్చుకోలేకపోయింది, రెండూ తన చేతి పనే. బొడ్డమ్మకి కూడా మొగలి ముల్లనే చెప్పింది. అబద్ధం ఒకసారి చెప్తే సరిపోదు, అడిగిన ప్రతివాళ్ళకీ మళ్ళీ కొత్తగా వండి వడ్డించాలి, ఈ తొమ్మిది రోజుల్లో ఆ ముల్లుకి పొడుగు పెరిగింది, రంగొచ్చింది, అది దిగిన చోటు కూడా ఊరికి ఉత్తరాన గట్టు మీద అని స్థిరపడిపోయింది.

ఎక్కడో పిక్కలు కాలుస్తున్నారు, ఆ ఘాటు గాలిలో వచ్చి ముక్కుకి తగిలింది, వరహాలు కాలు చటుక్కున ముడుచుకుంది. జీడి వాసనకే. ధనమ్మ కొంగుతో పిల్ల ముక్కు మూసింది, పిల్ల ఏం అనకుండా ఆ కొంగులోనే ఊపిరి తీసుకుంది. స్టేషను వైపు ఇంజను కూసింది. 'రైలు నాన్న ఎప్పుడు సూపిత్తాడు' అంది పిల్ల. అదీ సంగతి, రైలు చూపిస్తానని చెప్పి తీసుకొచ్చాడు పోలారావు, ఆసుపత్రి అన్న మాట ఎత్తితే పిల్ల బండెక్కదని, అల్లరి చేసినప్పుడల్లా సూదిమందు ఏయించెత్తానని బెదిరించినవాడు వాడే, ఇప్పుడు రైలన్నవాడూ వాడే. ఆసుపత్రి గుమ్మం చూశాక పిల్లకి అర్థమయింది, ఏడ్చింది, ఏడ్చి ఏడ్చి ఊరుకుంది, అయినా ఇంకా అడుగుతోంది, రైలుందేమో, ఇది అయ్యాక ఉందేమో అని. పోలారావు బయట ఎడ్లకి గడ్డి వేస్తున్నాడు. ఎడ్లకి ఆకలేం లేదు, వాడికే లోపలికి రావడానికి కాళ్ళు రావడం లేదు. ఎంత పొడుగు కొబ్బరిచెట్టయినా చకచకా ఎక్కి దిగే మనిషి, చిటికెడు నెత్తురు చూస్తే కూలబడిపోతాడు, పండక్కి కోడిని కోయాలన్నా పక్కింటివాణ్ణి పిలుస్తాడు. వాణ్ణి తిట్టడానికి ధనమ్మకి నోరు రాలేదు. తనని కూడా ఇలాగే తీసుకెళ్ళారు, అది రైలు కాదు, ఏనుగు.

మందస రాజావారి ఏనుగుని చూపిస్తానన్నాడు నాన్న. ధనమ్మకి అప్పుడు ఏడేళ్ళు, పొట్టలో బల్ల పెరిగి ఎడమపక్క గట్టిపడిందని అమ్మ ఏడుస్తుండేది, నాన్న భుజం మీద కూర్చోబెట్టుకుని మందస దాకా నడిచాడు, దారిలో ఏనుగు ఎంతుంటుందో, చెవులెలా విసురుతుందో కథలుగా చెప్పాడు, ఏనుగుకి పెట్టమని చెరకుముక్క కూడా కొని చేతికిచ్చాడు. ఇన్నేళ్ళయినా ఆ చెరకుముక్కే మింగుడు పడదు, అబద్ధం చెప్పేవాడు చెప్పి ఊరుకోవచ్చు గదా, చెరకు కొని చేతిలో పెట్టడమెందుకు. కోట దాకా వెళ్ళనే లేదు, ఓ సందులోకి తిరిగారు, పెరట్లో నిప్పుల కుంపటి, కుంపట్లో ఇనపకడ్డీ, ఓ ముసలాయన చుట్ట పీకుతూ ఎదురుచూస్తున్నట్టే కూర్చున్నాడు. చేతులు ఒకరు, కాళ్ళు ఒకరు పట్టుకున్నారు, తల నాన్న పట్టుకున్నాడు, పట్టుకుని చెవిలో ఏటీ అవదమ్మా, అయిపోయింది, అయిపోయింది అంటూనే ఉన్నాడు, అప్పటికి మొదటి వాత కూడా పెట్టలేదు. మూడు వాతలు, ఇప్పటికీ బొడ్డు పక్కన మెరుస్తుంటాయి. తిరిగొస్తూ దారిలో ఏనుగేదీ అనడిగితే నిద్దరోతన్నాదమ్మా అన్నాడు, అప్పుడైనా నిజం చెప్పొచ్చు గదా. నాన్న చెడ్డవాడు కాదు, ఆ రాత్రంతా విసినికర్రతో పొట్ట మీద విసురుతూ కూర్చున్నాడు, తనూ ఏడ్చాడు. కానీ ఆ తర్వాత ఎప్పుడు నాన్న నవ్వుతూ ఏదైనా ఇస్తానన్నా, చూపిస్తానన్నా, ధనమ్మ ముందు ఆయన చేతుల వైపు చూసేది. పెళ్ళి కుదిర్చి, మంచి కుర్రోడమ్మా అన్నప్పుడూ చేతుల వైపే చూసింది. ఆయన పోయే ముందు మంచం మీంచి, నాకేటీ నేదు ధనా, రేపు లేచి తిరుగుతాను అన్నప్పుడు మాత్రం నమ్మాలని ఎంతో ప్రయత్నించింది. చేతకాలేదు. ఆ చెరకుముక్క ఏ గట్టు మీద విసిరేసిందో గుర్తుంది, పిల్లలకి అలా చెప్పకూడదన్న సంగతి ఎక్కడ పారేసిందో గుర్తులేదు.

నీళ్ళు మరుగుతున్నాయి. మూత టకటకా కొట్టుకుంటోంది. 'నొప్పెడతాదా నానమ్మా' అంది వరహాలు, అడుగుతుందని తెలుసు, పొద్దుట్నుంచీ ఆ ప్రశ్న పిల్ల పెదాల మీదే ఉంది, ధనమ్మ నోరు దానంతటదే తెరుచుకుంది, ఆ జవాబు ఎప్పుడూ తయారుగానే ఉంటుంది, అరుగు మీదికొచ్చిన ప్రతి కాలికీ చెప్పిందే, 'ఏటీ అవదే, సీమ...' అంది, అక్కడికొచ్చేసరికి పిల్ల తలెత్తి మొహంలోకి చూసింది. 'ఆ రోజూ అలాగే అన్నావు గదా' అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది, కోపాలతో వేగడం ధనమ్మకి బాగా తెలుసు, నలుగురి కోపాలు నమిలి మింగేసిన మనిషి. పిల్ల ఉత్తినే గుర్తు చేసింది, మర్చిపోయావేమో అన్నట్టు. అని మళ్ళీ ఒళ్ళో తల పెట్టుకుంది. వేరే ఒళ్ళు లేదు గదా మరి. తల్లి రామలక్ష్మి పురిటికి టెక్కలి దగ్గర రావివలసలో పుట్టింటికి వెళ్ళింది, పదిహేను రోజుల పసిగుడ్డు పక్కలో ఉంది, ఈ సంగతి ఇంకా ఆమెకి చెప్పలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి ఒక్కటే మాట చెప్పింది, గుంట జాగర్త అత్తా, ఏటైనా సెయ్యి గానీ దానికి జీడి మాత్రం ఎయ్యకు అని. మామూలుగా చెప్పింది, దండం పెట్టినట్టే చెప్పింది. ధనమ్మకే గుచ్చుకుంది. నా చేతికి వంక పెడతావా, నీ మొగుడి మడమలు ఎవరు మాన్పినారనుకున్నావు అని లోలోపల పళ్ళు కొరుక్కుంది, ఆ కొరుకుడే ఇదంతా, పిల్ల బీట చూడగానే ముందు గుర్తొచ్చింది పిల్ల కాదు, కోడలి మాట. వేసి చూపించాలనిపించింది. మాన్పి, కోడలు వచ్చాక, ఇదిగో మీ గుంట కాలు అని చూపించాలనుకుంది.

ఆ పంతం కాలిలో చీము పట్టింది. కేక విని పక్కింటివాళ్ళు వస్తే ముల్లు తీస్తున్నానంది, తర్వాత పిల్లని దగ్గరికి తీసుకుని, మీ నాన్నకి సెప్పకే, నాకు తిట్లు తినిపించకు అంది, పిల్ల వెక్కుతూనే తలూపింది. తొమ్మిది రోజులు ఆ గుంట నోరు విప్పలేదు. జ్వరంలో కలవరించినప్పుడు కూడా ముల్లు ముల్లు అనే కలవరించింది. అసలు భయం దేనికి, పోలారావు తిడతాడనా, తిడితే తిట్టనీ, ఒక పూట అన్నం మానేస్తే వాడే బతిమాలుకుంటాడు. కోడలనా, అదీ కాదు. ఆదివారం పొద్దున్న అరుగు ఖాళీగా ఉంటుంది, భయమదీ. మొగుడు పోయాక పొలం కొడుకు చేతికి పోయింది, పొయ్యి కోడలి చేతికి పోయింది, ఆ పట్కారూ పుల్లా తప్ప ధనమ్మ చేతిలో ఏం మిగల్లేదు, ఊళ్ళో ఆమెని పోలారావు తల్లి అని ఎవరూ అనరు, జీడేసే ధనమ్మ అంటారు. ఇప్పుడు నోరు తెరిస్తే ఆ పేరు ఈ బల్ల మీదే పోతుంది, బొడ్డమ్మ చెవి ఇటే ఉంది, దగ్గుమందు సీసాతో పాటు ఈ కబురు కూడా ఊరికి మోసుకెళ్తుంది. తెరవకపోతే మాత్రం ఏమవుతుంది, ఎలాగూ కోస్తారు, చీము తీస్తారు, కట్టు కడతారు, కాలికేం తెలుసు అది ముల్లో జీడో అని, ఎటొచ్చీ పిల్ల నయమైతే చాలు గదా అని ఆ తొమ్మిది రోజులూ చెప్పుకున్నదే మళ్ళీ చెప్పుకుంది. చెప్పుకుంటూనే పిల్ల జుట్టు పాయలు విడదీసింది, బండిలో రేగిన ఇసక ఇంకా మాడు మీద ఉంది.

డాక్టరు యజ్ఞనారాయణ గారు పల్చటి మనిషి, కళ్ళజోడు ముక్కు మీదికి జారుతుంటే మోచేత్తో ఎగదోసుకుంటూ వచ్చాడు, చేతులు అప్పటికే కడుక్కున్నాడు. పిల్లని లోపల బల్ల మీద పడుకోబెట్టించాడు, ధనమ్మ తల దగ్గర నిలబడింది, పోలారావుని పిలిపిస్తే గుమ్మం దాకా వచ్చి ద్వారబంధం పట్టుకుని ఆగిపోయాడు. 'ఏటీ అవదమ్మా, సీమ కుట్టినట్టుంటాది' అన్నాడు అక్కణ్ణుంచే. వాడికి ఆ మాట నేర్పిందెవరు. డాక్టరు పాదం తిప్పి చూశాడు, నొక్కాడు, పిల్ల ఊపిరి బిగబట్టింది. 'మొగలి ముల్లన్నారు కదూ, వాటితో వచ్చిన చిక్కేమిటంటే లోపల విరిగిపోతాయి. చీము ఒక్కటే అయితే పైన చర్మం కత్తిరించి వదిలిస్తే సరిపోయేది. ముల్లుంటే అది దొరికేదాకా లోతుగా వెతకాలి, అందులోనూ ఇంత వాపులో మత్తు సూది సరిగ్గా పట్టదు, పిల్ల ఓర్చుకోవాలి' అన్నాడు. పళ్ళెంలోంచి ఆ పొడుగాటి పుల్లల్లో ఒకటి తీశాడు, వేడి ఇంకా ఆవిరిగా లేస్తోంది, 'ఎక్కడ దిగింది ముల్లు, చోటు గుర్తుందా' అనడిగాడు. ధనమ్మని అడిగాడు. వరహాలు పుల్ల వైపు చూసింది, నానమ్మ వైపు చూసింది, మోచేతుల మీద కొంచెం లేచి, చెయ్యి చాపి, వాచిన ఆ అరికాలి మీద ఒక చోట వేలు పెట్టింది. 'ఇక్కడే బాబూ' అంది.

ధనమ్మకి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమయింది. తన కాలిని ఎక్కడ కోయాలో పిల్ల తనే చూపిస్తోంది, లేని ముల్లుకి చోటు చూపిస్తోంది, నానమ్మకి తిట్లు తప్పించడానికి. 'నేదు' అంది ధనమ్మ. గొంతు పైకి రాలేదు, మళ్ళీ అంది, ఈసారి వరండా దాకా వినబడింది. 'ముల్లు నేదు బాబూ. నానే జీడేసినాను. మడమ పగిలిందని పిక్క కాల్సి నానే ఏసినాను, అది అరికాల్లోకి జారిపోనాది. గుంటని సెప్పొద్దన్నానని సెప్పనేదు. ఎతకొద్దు, నీ కాళ్ళట్టుకుంటాను, లోపలేటీ నేదు.' గుమ్మంలో పోలారావు 'అమ్మా' అన్నాడు, ఒక్కసారే, తిట్టినా అంత తగిలేది కాదు. వరండాలో బొడ్డమ్మ దగ్గు ఆగింది. డాక్టరు పుల్లని పళ్ళెంలో పెట్టేశాడు. 'ఇలా ఎంతమందికి వేశావమ్మా' అన్నాడు. 'ఊరందరికీ బాబూ.' 'పిల్ల కాలు పోయేది తెలుసా. ఇంకో నాలుగు రోజులాగితే మొత్తం తీసెయ్యాల్సొచ్చేది.' తెలుసు బాబూ అనబోయింది, తెలీదు బాబూ అనబోయింది, రెండూ నిజం కావనిపించి ఊరుకుంది. తిట్టనీ, ఇంకా తిట్టనీ అనుకుంది, తిట్టేవాళ్ళు తిడుతుంటే ఏదో బరువు దిగుతున్నట్టే ఉంది, సిగ్గు వచ్చి ఆ చోట కూర్చుంటోంది, అయినా సిగ్గు నయం. డాక్టరు ఎక్కువ తిట్టలేదు. కత్తెర తీసుకున్నాడు. 'బాబూ, ఒక్క మాట' అంది ధనమ్మ, 'ఏటేటి సేత్తారో ముందు నాకు సెప్పండి. నాను గుంటకి సెప్తాను.' డాక్టరు కళ్ళజోడు మీంచి చూశాడు, అదేం కోరికో అన్నట్టు, తర్వాత సరేనన్నాడు.

వంగి పిల్ల చెవి దగ్గర నోరు పెట్టింది. ఈ చెవిలో ఎన్ని జోలపాటలు పాడింది, ఎన్ని అబద్ధాలు పోసింది. 'ఒలే వరహాలూ, ఇను. ఇప్పుడు సూది. నొప్పెడతాది.' 'ఎంత?' 'గట్టిగానే. ఆ రోజంత కాదు గానీ గట్టిగానే.' పిల్ల ఆలోచించింది, కళ్ళలో నీళ్ళు నిండాయి, కానీ కాలు లాక్కోలేదు. సూది దిగింది, పిల్ల అరిచింది, సూది బయటికి తీశాక ధనమ్మ వైపు చూసింది, చెప్పినంతే అయిందా అని బేరీజు వేస్తున్నట్టు. 'ఇప్పుడు తోలు కత్తిరిత్తారు, సచ్చిన తోలు, దానికి నొప్పి నేదంట. తరవాత సీము నొక్కుతారు. అదే అన్నిటికన్నా ఎక్కువంట. పదంకెలు ఎంచేంత సేపు అవుతాదన్నారు బాబు. ఏడువు, ఏడిత్తే ఎవులూ ఏటనరు. నా సెయ్యి కొరుకు కావాలంటే. కాలు మాత్రం కదపకు, కదిపితే కత్తెర పక్కకి పోతాది.' కొబ్బరికాయలు లెక్క పెట్టుదాం రా అంది, కళ్ళంలో మీ నాన్న లెక్కపెట్టినట్టు, అక్కడ ఒకటి అనరు గదా, లాభం అంటారు. పిల్ల 'లాభం' అంది, అంటూనే బావురుమంది. రెండు. మూడు. నాలుగు దగ్గర గొంతులో అంకె లేకుండా పోయింది, ఉత్త కేక, ధనమ్మ కుడి మణికట్టు మీద పళ్ళు దిగాయి, చిన్న పళ్ళు, ముందు పన్ను ఒకటి ఊగుతోంది కూడా, ఆ ఊగడం కూడా తెలిసింది, జీడిపుల్ల పట్టుకునే చెయ్యే అది, కొరుకు తల్లీ కొరుకు అనుకుంది. పిల్ల మానేసిన అంకెలు తనే చెప్పింది, తొమ్మిది, పది. పది అయింది, అవలేదు. డాక్టరు తలెత్తకుండా ఇంకా నొక్కుతూనే ఉన్నాడు. 'అయిపోయిందా' అంది పిల్ల. నాలిక చివరికొచ్చింది, అయిపోయింది తల్లీ, అయిపోయింది, అంత తేలిగ్గా వచ్చే మాట ఇంకోటి లేదు లోకంలో. 'నేదే, ఇంకా ఉంది. ఎంతుందో నాకూ తెలీదు' అంది. పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుంది. పదకొండు అంది, తనంతట తనే. పద్నాలుగు దాకా వెళ్ళారు, ఇద్దరూ కలిసే వెళ్ళారు.

కట్టు కట్టాక పాదం తెల్లగా, కొత్తగా, ఇంకెవరిదో అన్నట్టుగా ఉంది. పోలారావు గోడకి చేరగిలబడి నేల మీద కూర్చున్నాడు, జోగారావు వాడి మొహాన నీళ్ళు చిలకరిస్తున్నాడు. బొడ్డమ్మ సీసా తీసుకుని వెళ్ళిపోయింది, చెప్పకుండానే వెళ్ళింది, ఆదివారం ఎవరూ రారు, రాకపోతే అరుగు కడుక్కుని తనే కూర్చుంటుంది, ఎవరైనా తెలీక వస్తే ఆసుపత్రికి పొమ్మంటుంది, ఆ మాట నోటికి ఎలా వస్తుందో చూడాలి. రోజు విడిచి రోజు తీసుకురావాలి, కనీసం ఆరు కట్లు మార్చాలి, మార్చేటప్పుడల్లా అంటుకున్న గుడ్డ ఊడదీయాలి, నొప్పి ఉంటుంది అన్నాడు డాక్టరు, ఆ చివరి మాట పిల్లకి వినబడకుండా గొంతు తగ్గించి అన్నాడు. పోలారావు లేచాడు. తల్లి వైపు చూడలేదు. పిల్లని ఎత్తుకోవడానికి చేతులు చాపి, 'నువ్వింక రావొద్దమ్మా' అన్నాడు, 'నువ్వు సేసింది సాలు. నానే తెత్తాను, నానే పట్టుకుంటాను.' సరే నాయనా అంది ధనమ్మ. అనాల్సిందే, వాడి కూతురు, వాడి ఇష్టం. పిల్ల మీద నుంచి చెయ్యి తీసింది, మణికట్టు మీద రెండు వరసల పళ్ళ గాట్లు, ఒకచోట నెత్తురు తేలింది, పోలారావు చూస్తే మళ్ళీ పడిపోతాడని కొంగు కప్పుకుంది. ఏడుపొస్తోంది, ఈ వయసులో జనం మధ్య ఏడవడం ఏమిటని తనని తనే కసురుకుంది. వరహాలు తండ్రి చేతుల్లోకి వెళ్ళలేదు. రెండు చేతులా ధనమ్మ కొంగు పట్టుకుంది, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది, మాట్లాడుతుంటే ఇంకా వెక్కిళ్ళొస్తున్నాయి.

'నువ్వొద్దు నాన్నా. నువ్వు నొప్పెట్టదంటావు. నానమ్మయితే సెప్తాది.'